డి.జి. గారి హైదరాబాద్ మకాం

సీమకు వెళ్ళొచ్చినవాణ్ణి చూసి నవ్వుకోవడం 1920ల్లో మన దేశంలో మంచి కాలక్షేపం. 1921 ఫిబ్రవరి 26న కలకత్తా రస్సా థియేటర్లో ‘బిలాత్ ఫేరత్’ అనే మూకీ సినిమా విడుదలైంది. చదువుకని ఇంగ్లండు వెళ్ళిన బెంగాలీ కుర్రాడు ఇంటికి తిరిగొస్తాడు. వస్తూ వస్తూ ప్రేమ మీదా పెళ్ళి మీదా కొత్త కొత్త సిద్ధాంతాలు వెంటబెట్టుకొస్తాడు. వాటిని బయటపెట్టేసరికి తల్లిదండ్రులకు మతిపోతుంది. కొడుకు దొరవేషాన్ని చూసి ఒకసారి, తల్లిదండ్రుల చాదస్తాన్ని చూసి ఒకసారి, జనం రెండు వైపులా నవ్వారు.

ఆ తర్వాత మూడేళ్ళకు, 1924లో, మన మొక్కపాటి నరసింహశాస్త్రి ‘బారిష్టర్ పార్వతీశం’ మొదటి భాగం వచ్చింది. మొగల్తూరు నుంచి లండన్‌కు బయల్దేరిన పార్వతీశం బోలెడంత దర్జాగా టోపీ కొనుక్కుని నెత్తిన పెట్టుకుంటాడు. అది ఆడవాళ్ళ టోపీ. తనకు తప్ప లోకానికంతటికీ ఆ సంగతి తెలుసు. కలకత్తా కుర్రాడు తిరిగొచ్చి నవ్వులపాలైతే, మన పార్వతీశం పూర్తిగా వెళ్ళకముందే ఆ పని చేసుకున్నాడు.

నిజంగా సీమకెళ్ళి పనికొచ్చే విద్య నేర్చుకొచ్చినవాడూ ఒకడున్నాడు. రఘుపతి వెంకయ్యగారి కొడుకు ప్రకాశ్ లండన్ బార్కర్ స్టూడియోలో సినిమా విద్య నేర్చుకుని మద్రాసు తిరిగొచ్చి, ఆ 1921లోనే ‘భీష్మ ప్రతిజ్ఞ’ తీశాడు. ఆయన సీమ చదువు భీష్ముడి దగ్గరికి దారి తీసింది. తమాషా ఏమిటంటే, 1940లో ‘బారిష్టర్ పార్వతీశం’ సినిమాగా వచ్చినప్పుడు దానికి దర్శకుడు ఈ ప్రకాశే.

‘బిలాత్ ఫేరత్’కు దర్శకుడు నితీశ్ లాహిరి. కథ రాసుకుని, ముఖ్యపాత్ర వేసి, సినిమాను భుజాన మోసినవాడు మాత్రం ధీరేంద్రనాథ్ గంగూలీ. బెంగాల్లో అందరికీ డి.జి. కలకత్తాలో అంత పేరొచ్చాక ఎవరైనా అక్కడే పాతుకుపోతారు. డి.జి. మరుసటి ఏడాదే మూటాముల్లె సర్దుకుని హైదరాబాద్ వచ్చేశారు. 1922లో ఇక్కడ లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టారు. మూకీల కాలంలో మన దేశంలో హాస్యం మీద నమ్మకం పెట్టుకున్న దర్శకులను వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. అలాంటి ఒకరు సొంత కంపెనీ బోర్డు కట్టింది ఈ ఊళ్ళో.

హైదరాబాద్ ఆయనకు కొత్త కాదు. 1893లో పుట్టిన గంగూలీ శాంతినికేతన్‌లో చదువుకున్నారు. బొమ్మలు వేయడం నేర్చారు. ఆ విద్యతోనే అంతకుముందు నిజాం ప్రభుత్వ ఆర్ట్ కాలేజీకి ప్రధానోపాధ్యాయుడిగా పనిచేశారు. పిల్లలకు ముక్కూ కళ్ళూ గీయడం నేర్పే ఈ మాస్టారు తన ముక్కూ కళ్ళతో మాత్రం వేరే ప్రయోగాలు చేసేవారు. 1915లో ‘భావేర్ అభివ్యక్తి’ అని ఫొటోల పుస్తకం ఒకటి వేశారు. అందులో పాత్రలన్నీ ఆయనే. ఒక పేజీలో ఒక మనిషి, పేజీ తిప్పితే మరో మనిషి. మగవాళ్ళూ ఉన్నారు, ఆడవాళ్ళూ ఉన్నారు. రంగు, జుట్టు, బట్ట, నిలబడిన తీరు, చూపు, ఇవి మారితే మనిషే మారిపోతాడని పేజీ పేజీకీ చూపించారు. కలకత్తాలో సినిమా వ్యాపారాన్ని గుప్పిట్లో పెట్టుకున్న జె.ఎఫ్. మదన్ వారి దృష్టిలో ఆయన్ను పడేసింది ఈ పుస్తకమే. దశాబ్దాల తర్వాత సి.ఐ.డి. పోలీసులకు మారువేషాల్లో పాఠాలు చెప్పడానికి కూడా ఆయనే దిక్కయ్యారంటే ఆ విద్య ఎంత పక్కాగా ఉండేదో ఊహించుకోవచ్చు.

తెలుగువాళ్ళకు ఇది అర్థం కాని విద్యేమీ కాదు. పగటివేషగాళ్ళు ఊళ్ళో దిగితే రోజుకో వేషం. ఒకరోజు అర్ధనారీశ్వరుడు, సగం మీసం, సగం కాటుక. మరో రోజు ఊళ్ళో అందరూ ఎరిగిన మనిషి నడక, నత్తి, దర్పం. వెక్కిరింపుకు గురైన పెద్దమనుషులే ఆఖరి రోజున వాళ్ళకు ధాన్యమో, పంచెల చాపో ఇచ్చి పంపేవారు. వేషగాడు ఏమన్నా చెల్లుతుంది. వాడికి కోపం తెచ్చుకుని బదులిస్తే పరువు పోయేది పెద్దమనిషికే.

ఈ లెక్క డి.జి. గారికి బాగా తెలుసు.

ఆయన వచ్చేనాటికి హైదరాబాద్ నిండా కొత్త సున్నం వాసన. 1908 మూసీ వరద తుడిచిపెట్టిన ఊరిని మళ్ళీ కడుతున్నారు. 1912లో పెట్టిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇరుకు సందులను తెరిపిస్తోంది. చార్మినార్ దారిలో పత్తర్‌గట్టీ రాతి కమానులు, నది ఒడ్డున ఎర్రరాతి హైకోర్టు, ఊరి బయట గండిపేట చెరువు, ఉర్దూలో బోధించే ఉస్మానియా విశ్వవిద్యాలయం, అన్నీ ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ హయాంలో ఒకదాని వెంట ఒకటి లేచినవే. మూసీ వంతెన దాటి రెసిడెన్సీ బజార్లలోకి అడుగుపెడితే బ్రిటిష్ రెసిడెంటు అధికారం. ఇవతల పాతబస్తీలో నిజాం మాట. రాజ్యంలో ఏమైనా కట్టాలన్నా నిలబెట్టాలన్నా ఆ మాటే ఆధారం. లోటస్ ఫిల్మ్ కంపెనీ కూడా ఆ అండతోనే నిలబడింది. డి.జి. సినిమాలు తీశారు, వాటితో పాటు ఇంకొకరి సినిమాలు ఆడించడానికి ఊళ్ళో రెండు సినిమా హాళ్ళు నడిపారు.

తీసినవాటి పేర్లు చూస్తే వ్యాపారం తెలిసిన మనిషని అర్థమవుతుంది. ‘ఇంద్రజిత్’, ‘హరగౌరి’, ‘యయాతి’ వంటివి ఒకవైపు. పురాణమైతే ఆడవాళ్ళూ పిల్లలూ ముసలివాళ్ళూ కలిసి వస్తారు, టిక్కెట్లకు కొదవుండదు. ఇంకోవైపు ‘ది లేడీ టీచర్’, ‘ది మ్యారేజ్ టానిక్’. మొదటి రకం ఇంటి ఖర్చుకు, రెండో రకం ఆయన సరదాకు అనిపిస్తుంది. ఆడపిల్ల బడికెళ్ళడమే వార్త అయిన రోజుల్లో ఆడమనిషి పంతులమ్మ కావడం, పెళ్ళికి టానిక్కు పట్టడం అంటేనే జనం పెదవుల మీదికి నవ్వు వచ్చి ఉంటుంది. పేరులోనే సగం పనైపోయింది.

మూకీలో నవ్వించడం మాటలతో అయ్యే పని కాదు. కెమెరాను చేత్తో తిప్పాలి, సెకనుకు పదహారో పద్దెనిమిదో ఫ్రేములు. కాస్త నెమ్మదిగా తిప్పితే తెర మీద మనిషి పరుగెత్తుతాడు. ఆ చెయ్యే సగం హాస్యం. దీపాల ఖర్చు భరించలేని కంపెనీలకు ఎండే దీపం. మధ్యమధ్యలో మాటలు అక్షరాలుగా తెర మీద పడతాయి. హాల్లో నలుగురికి చదువొస్తే మిగతా అందరికీ వాళ్ళే పైకి చదివి వినిపించాలి. కాబట్టి చమత్కారం తెర మీద పడగానే ముందు చదువొచ్చినవాళ్ళు నవ్వుతారు. వాళ్ళు నవ్వుతూ చదివి చెప్పాక వెనక బెంచీలు నవ్వుతాయి. ఈ రెండో నవ్వు మొదటిదాని కంటే పెద్దది. హార్మోనియం వాయించేవాడు రెండూ అయ్యేదాకా ఆగాలి.

ఉర్దూ, తెలుగు, మరాఠీ, కన్నడం అన్నీ ఒకే బజారులో వినపడే ఊరికి మాటల్లేని సినిమా బాగా అతికింది. మాటలున్న చోట ఇదే ఊళ్ళో నవ్వు ఎలా ఉండేదో 1921 నవంబరులో తెలిసింది. నిజాం రాష్ట్ర సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు గారు తెలుగులో మాట్లాడబోతే సభికుల్లో కొందరు గేలి చేశారు. ఆ గేలిని తెలుగువాళ్ళు నవ్వి ఊరుకోలేదు. దాంట్లోంచే ఆంధ్ర జన సంఘం పుట్టింది, ఆ తర్వాత ఆంధ్ర మహాసభ, గ్రంథాలయాలు, ఆ కథంతా. ఒక నవ్వును కొందరు మనసుకు పట్టించుకున్నందుకు ఇంత జరిగింది. డి.జి. హాళ్ళలో వినిపించిన నవ్వుల్ని ఎవరూ పట్టించుకోలేదు. ఆయన పని సాఫీగా సాగడానికి కారణం అదే.

హాస్యమంటే మనకున్న చిన్నచూపు దానికి పెద్ద రక్ష. సంస్కర్త వేదికెక్కి కన్యాశుల్కం పాపమంటే అగ్రహారాలు భగ్గుమంటాయి. 1892లో విజయనగరంలో గురజాడ అదే సంగతిని గిరీశం చేతా, లుబ్ధావధాన్ల చేతా, మధురవాణి చేతా ఆడించి చెప్పిస్తే అందరూ టిక్కెట్టు కొన్నంత సంతోషంగా చూశారు. దానికి అండగా నిలబడింది ఆనంద గజపతి మహారాజు. ఆ నాటకాన్ని గురజాడ అంకితమిచ్చింది కూడా ఆయనకే. గిరీశం ఇంగ్లీషు ముక్కలు విని నవ్వినవాళ్ళలో ఇంగ్లీషు చదివిన ఉద్యోగులు ఎంతమందో. తమను అనడం లేదని ఎవరికి వారే అనుకోవడం ప్రహసనంలో ఉన్న సౌకర్యం. రాజుకూ అంతే. పక్కవాడి గురించి వేస్తున్న జోకు కదా అని ధర్మప్రభువు పకపకా నవ్వుతాడు.

రాజుల దగ్గర హాస్యగాళ్ళ బతుకు మన జానపదులకు బాగా తెలుసు. తెనాలి రామకృష్ణుణ్ణి ‘నీ ముఖం నాకు చూపించొద్దు’ అని రాయలవారు కసిరితే మర్నాడు ముఖం కనపడకుండా నెత్తిన కుండ బోర్లించుకుని సభకు వచ్చాడని కథ. రాయలు నవ్వేశాడు, తప్పు మాఫీ. ఆ కథను మనం ఎన్నిసార్లు చెప్పుకున్నా, శిక్ష తప్పింది కుండ వల్ల కాదని, రాయలు ఆ రోజు నవ్వే మనసుతో ఉండడం వల్ల అని ఎవరూ పిల్లలకు చెప్పరు.

1924లో బొంబాయి నుంచి ‘రజియా బేగం’ అనే సినిమా వచ్చింది. డి.జి. తీసింది కాదు. ఆయన నటించలేదు. అందులో నవ్వులాట కూడా లేదు. 1236 నుంచి 1240 దాకా ఢిల్లీని ఏలిన రజియా సుల్తానా కథ. చరిత్రలో ఆమెకు దగ్గరివాడిగా వినపడే పేరు అబిసీనియా నుంచి వచ్చిన యాకూత్‌ది. సినిమా వాళ్ళు ఆమె ప్రేమను ఒక హిందువు మీదికి మళ్ళించారు. మూకీ రోజుల్లో చరిత్రను ఇలా సర్దుకోవడం మామూలే. సర్దిన చోటు మాత్రం ఈసారి గట్టిగా తగిలింది.

ఆ ఏడాది ఎలాంటిదో కూడా గుర్తుంచుకోవాలి. మార్చిలో టర్కీ ఖిలాఫత్‌ను రద్దు చేసింది. పదవి పోయిన ఖలీఫాకు నెలకింత అని భత్యం పంపడానికి ముందుకొచ్చింది నిజామే. ఆ ఏడాదే నిజాం రాజ్యంలోని గుల్బర్గాలో హిందువులకూ ముస్లింలకూ మధ్య గొడవలు జరిగాయి. అలాంటి సమయంలో, మొగలాయీ సుబేదారు వంశం ఏలే ఊళ్ళో, ముస్లిం పాదుషా హిందువుతో ప్రేమలో పడే సినిమాను డి.జి. తన హాల్లో తెర మీదికెక్కించారు. బ్రిటిష్ ఇండియాలోనైతే 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం, సెన్సార్ బోర్డులు, అప్పీళ్ళు అంటూ ఒక తతంగం ఉండేది. సంస్థానంలో ఆ తతంగం లేదు. 24 గంటల్లో రాజ్యం వదిలి వెళ్ళమని హుకుం వచ్చింది.

నూరు ముఖాలున్న మనిషి. వాటిలో ఏ ఒక్కటీ అక్కరకు రాలేదు.

కంపెనీ, హాళ్ళు, సగంలో ఉన్న పనులు, బహుశా ఊరి మీద ఉన్న ఇష్టం, అన్నీ అక్కడే వదిలేసి ఆయన కలకత్తా బండెక్కారు. రెండేళ్ళపాటు పంతుళ్ళనీ పెళ్ళిళ్ళనీ వెక్కిరించినా దర్బారు కన్నెత్తి చూడలేదు. తనది కాని కథ, తాను నమ్ముకున్న రకం కూడా కాని కథ ఒకటి తెర మీద పడగానే ఆయన ఎవరో దర్బారుకు గుర్తొచ్చింది. దీన్ని అన్యాయమనొచ్చు, అనాలి కూడా. ఐతే దర్బారు ఒక సంగతి సరిగానే కనిపెట్టింది. ప్రేమకథ చూసినవాడు ఇంటికెళ్ళాక కూడా దాన్ని మోస్తాడు. లేడీ టీచర్‌ని చూసి నవ్వినవాడు హాలు గుమ్మంలోనే దాన్ని దులిపేసుకుంటాడని వాళ్ళ నమ్మకం. ప్రభుత్వాలు ఎప్పుడూ మోసుకెళ్ళేదానికే భయపడతాయి.

కలకత్తాలో డి.జి. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు. 1929లో బ్రిటిష్ డొమినియన్ ఫిల్మ్స్ పెట్టారు. ఆ గొడుగు కింద ఇద్దరు కుర్రాళ్ళు చేరారు. ఒకరు దేవకీ బోస్, ఇంకొకరు అస్సాం గౌరీపూర్ జమీందారు బిడ్డ ప్రమథేశ్ బారువా. ఆ రోజుల్లో తీసిన ‘అలీక్ బాబు’ను మన భాషలో చెప్పాలంటే అబద్ధాలరాయుడు. జ్యోతిరింద్రనాథ్ ఠాగూర్ ప్రహసనం దానికి ఆధారం. ‘టాకాయ్ కీ నా హయ్’ పేరే డబ్బుతో కానిదేముందని. అవి ఆడుతుండగానే 1931 మార్చి 14న బొంబాయిలో ‘ఆలం ఆరా’ మాట్లాడేసింది. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో ‘భక్త ప్రహ్లాద’ తెలుగులో మాట్లాడింది. మూకీలకే పుట్టిన కంపెనీలు చాలా మూతపడ్డాయి, బ్రిటిష్ డొమినియన్ వాటిలో ఒకటి. డి.జి. న్యూ థియేటర్స్ వాకిట్లోకి వెళ్ళి ‘ఎక్స్‌క్యూజ్ మీ సర్’ లాంటి టాకీ హాస్యాలు తీశారు. 1940ల చివరిదాకా ఏదో ఒకటి తీస్తూనే ఉన్నారు.

ఆయన దగ్గర ఓనమాలు దిద్దినవాళ్ళు ఏమయ్యారో అందరికీ తెలుసు. దేవకీ బోస్ ‘చండీదాస్’ తీసి మహాదర్శకుడయ్యాడు. బారువా 1935లో ‘దేవదాసు’ తీశాడు, బెంగాలీలో తానే దేవదాసయ్యాడు. ఆ ఏడుపు బెంగాల్ దాటి, హిందీ దాటి, 1953లో అక్కినేని దాకా వచ్చి మన ఇళ్ళలో స్థిరపడింది. గ్రామఫోను రికార్డుల్లోనూ రేడియోలోనూ ఇప్పటికీ తాగుతూనే ఉంది. గురువుగారి ‘అలీక్ బాబు’ను తలుచుకునేవాడు పరిశోధకుడు తప్ప ఎవడూ లేడు. ఏడిపించినవాడికి వీధికో అభిమాన సంఘం, నవ్వించినవాడికి ఫుట్‌నోటు. దర్బారు ముందు హాస్యాన్ని కాపాడిన చిన్నచూపే చరిత్ర ముందు దాన్ని నిలువునా ముంచింది.

ముంచిందనడం అక్షరాలా నిజం. మూకీల రీళ్ళు నైట్రేటు ఫిల్ము మీద ఉండేవి. అవి వేడికి అంటుకునేవి, చెమ్మకు జిగురు ముద్దయ్యేవి, ఏ గతీ లేకపోతే వాటిలోంచి వెండి తీసుకోవడానికి తూకానికి అమ్ముడుపోయేవి. మన దేశంలో 1300కు పైగా మూకీలు తయారైతే ఇప్పటికి మిగిలినవి 30 కూడా లేవు. లోటస్ ఫిల్మ్ కంపెనీ సినిమాల్లో ఒక్కటీ దొరకలేదు. ‘ది మ్యారేజ్ టానిక్’ ఎలా ఉండేదో చూపించేవాళ్ళు లేరు. బెంగాలీ మూకీ హాస్యం ఎలా ఉండేదో తెలుసుకోవాలంటే 1931లో కాళీపద దాస్ తీసిన ‘జమాయీ బాబు’ చూడాలి. పల్లెటూరి అల్లుడు కలకత్తాలో అత్తారింటికి వచ్చి ఊరు చూడబోయి తప్పిపోతాడు, జారిపడతాడు, తన్నులు తింటాడు. అరగంట లోపే అయిపోతుంది. దాని వెనక చాప్లిన్ నీడ కనపడుతుంది, ట్రాముల మధ్య నిజం కలకత్తా కనపడుతుంది. అది బతికింది కాబట్టి అప్పటి కలకత్తా వీధులు కూడా బతికాయి. లోటస్ సినిమాలు బతికి ఉంటే 1922 నాటి హైదరాబాద్ ఎండ మనకు కూడా కదులుతూ కనపడేది.

సినిమాలు పోయినా ఊళ్ళో నవ్వు పోలేదు. దానికి కొత్త ఇళ్ళు దొరికాయి. పాతబస్తీ దక్కనీ ఉర్దూయే ఒక హాస్యయంత్రం. ఢిల్లీ లక్నోల ముందు నిలబడితే పల్లెటూరిదని వెక్కిరింతకు గురయ్యే భాష. ఆ వెక్కిరింతనే దుప్పటిలా కప్పుకుని లోపలినుంచి అందర్నీ గిల్లే భాష. 1960ల్లో జిందా దిలానే హైదరాబాద్ అనే హాస్యప్రియుల సంఘం పుట్టింది. వాళ్ళ ముషాయిరాల్లో పాగల్ ఆదిలాబాదీ, గౌస్ ఖామఖా లాంటి పేర్లు పిలిస్తేనే సభ నవ్వేది. 1968 నుంచి ‘శుగూఫా’ అనే హాస్య మాసపత్రిక వచ్చింది. అంతకు ముందే, 1965లో, బబ్బన్ ఖాన్ ‘అద్రక్ కే పంజే’ నాటకం మొదలుపెట్టారు. చాలీచాలని జీతం, ఇంటి నిండా పిల్లలు, గుమ్మంలో అప్పులవాళ్ళు, మధ్యలో ఒక గుమాస్తా. కుటుంబ నియంత్రణ గురించి ప్రభుత్వం గోడల మీద ఎర్ర త్రికోణాలు గీసి చెబుతుంటే ఆయన అదే సంగతి చెప్పి జనాన్ని కడుపుబ్బ నవ్వించాడు. 2001 దాకా 10 వేలకు పైగా ప్రదర్శనలు. మతం, మగతనం, సంతానం, మూడూ ముట్టుకోకూడని విషయాలే. హాస్యం కాబట్టి ముట్టుకోనిచ్చారు.

2000 తర్వాత ‘ది అంగ్రేజ్’ సినిమా వచ్చినప్పుడు సీమ నుంచి వచ్చినవాడి కథ చార్మినార్ దగ్గరికే చేరింది. అమెరికా నుంచి ఇద్దరు కుర్రాళ్ళు ఉద్యోగానికి హైదరాబాద్ వస్తారు. చార్మినార్ చూడబోతారు. అక్కడ ఇస్మాయిల్ భాయ్, అతని జమాత్. పని లేదు, చాయ్ ఉంది, పొద్దున లేస్తే డాబులు. వాళ్ళలో సలీం ఫేకూ ఒకడు. అతని పేరులోని ఫేకూ కోతలరాయుడికి పెట్టే బిరుదు. వాడు చెప్పే కథల్లో వాడు ఎంతమందిని చితక్కొట్టాడో వాడికే గుర్తుండదు. ఎన్నారైలతో మాటా మాటా పెరిగి, ఇస్మాయిల్ భాయ్ పగ పడతాడు. ఆ పగ తీరేలోపు జమాత్ మొత్తం అభాసుపాలవుతుంది. సీడీల మీద సినిమా గల్లీ గల్లీకీ పాకింది. ఇందులో దొర వేషం వేసినవాడి కంటే, దొర వేషాన్ని చూసి రగిలిపోయే చబుత్రా పులినే జనం ఎక్కువ గుర్తుపెట్టుకున్నారు. పాతబస్తీ తన్ను తానే చూసి నవ్వుకుంది, పైసా ఇచ్చి మరీ.

నవ్వించేవాడిని ఎవరైనా సీరియస్‌గా తీసుకోవడం మొదలుపెడితే మాత్రం రక్ష ఊడిపోతుంది. చాప్లిన్ సంగతి చూడండి. చినిగిన బూట్ల దేశదిమ్మరిగా ఉన్నన్నాళ్ళు అమెరికా నెత్తిన పెట్టుకుంది. ఆయన మాటల్లో రాజకీయం ఉందని గుర్తించాక, 1952 సెప్టెంబరులో లండన్‌కు ఓడ మీద వెళ్తుండగా తిరిగొచ్చే అనుమతి రద్దు చేసింది. ఇక్కడ ఈ ఊళ్ళోనే 2022 ఆగస్టు 20న మునావర్ ఫారూఖీ హాస్య కార్యక్రమం శిల్పకళా వేదికలో జరిగింది. ఆయన జోకులను సీరియస్‌గా తీసుకున్నవాళ్ళు ఉండబట్టి హాలు బయట పోలీసులు బారులు తీరారు. జోకులు వినడానికి వెళ్ళినవాళ్ళు తనిఖీలు దాటుకుని లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. అంత బందోబస్తు ఒక హాస్యగాడికి దక్కిన గౌరవమో శిక్షో చెప్పడం కష్టం. రెండూ కావచ్చు.

డి.జి. గారికి మాత్రం మామూలు గౌరవమే దక్కింది, ఆలస్యంగా. 1974లో పద్మభూషణ్. తర్వాత దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం. ఆ పురస్కారం జాబితాలో 1974కు ఎదురుగా బి.ఎన్. రెడ్డి పేరుంటుంది. ‘మల్లీశ్వరి’ తీసిన బి.ఎన్. ఆ గౌరవం అందుకున్న తొలి తెలుగువారని మనం ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాం. ఆ కింద వరుసలో, 1975కు ఎదురుగా ధీరేంద్రనాథ్ గంగూలీ. బి.ఎన్. ఇంకా స్కూలు కుర్రాడిగా ఉన్నప్పుడు హైదరాబాద్‌లో కెమెరా తిప్పించిన మనిషి. తెలుగు సినిమా చరిత్ర రాసేటప్పుడు ఆయన బెంగాలీ ఐపోతాడు, బెంగాలీ సినిమా చరిత్ర రాసేటప్పుడు ఆయన హైదరాబాద్ రోజులు రెండు వాక్యాల్లో తేలిపోతాయి. 1978 నవంబరు 18న కలకత్తాలో ఆయన పోయారు. పాతబస్తీలో ఏ వీధికీ ఆయన పేరు లేదు, నిజానికి ఎవరూ అడిగినట్టు కూడా లేదు.

పాతబస్తీ గల్లీల్లో ఇప్పుడు ఫోను చేతబట్టుకున్న కుర్రాళ్ళు రీల్స్ తీస్తున్నారు. దుపట్టా కప్పుకుంటే అమ్మీ, కళ్ళజోడు పెట్టుకుంటే అబ్బా, భుజాన తువ్వాలు వేసుకుంటే అద్దె కోసం వచ్చిన ఇంటి మాలిక్. అన్ని పాత్రలూ ఒక్కడే, పేజీ తిప్పినట్టు వేలితో పైకి తోస్తే ఇంకో మనిషి. సౌదీ నుంచి సెలవు మీద వచ్చి సెంటు పూసుకుని తిరిగే భాయ్ మీద, పెళ్ళి దావత్‌లో బిర్యానీ ప్లేటు కోసం తోసుకునే చాచాల మీద జోకులు వేస్తారు. ఆ భాయ్‌లూ చాచాలూ కూడా చూసి, నవ్వి, తమ్ముడికి పంపిస్తారు. పోలీసులకు పని లేదు, పెద్దమనుషులకు అభ్యంతరం లేదు. అదే కుర్రాడు రేపు ఆ గల్లీ అమ్మాయికీ పక్క బస్తీ అబ్బాయికీ మధ్య చిన్న ప్రేమకథ ఒకటి, నవ్వు లేకుండా, తీసి పెట్టి చూడమనండి.